సీటు కింద

మా బండికి ఇంజను డ్రైవరు సీటు కింద ఉంటుంది. గొళ్ళెం తీసి సీటును వెనక్కి ఎత్తితే కనిపిస్తుంది. 2025 ఎండాకాలమంతా నేను ఆ సీటు మీదే కూర్చుని తప్పు ఎక్కడెక్కడో వెతికాను. పెట్రోలు బంకులో వెతికాను, షెడ్డులో పని నేర్చుకుంటున్న పిల్లవాడి చేతుల్లో వెతికాను, ఆఖరికి సొంత మేనల్లుడి జేబులో కూడా వెతికాను.

ఊరు కొడిమ్యాల. జిల్లా పరిషత్ బళ్ళలో ముప్పై ఏళ్ళ పైన భౌతిక రసాయన శాస్త్రం చెప్పి, 61 నిండగానే దండలు వేయించుకుని ఇంటికొచ్చినవాణ్ణి. నాలుగెకరాల మామిడి తోట ఉంది, అంతా బేనిషాన్. కాయ దిగే రోజుల్లో జగిత్యాల దగ్గరి చల్‌గల్ మార్కెట్‌కు తోలాలి. ఏటా కిరాయి బండ్ల వెంట తిరగడం యాష్టకొచ్చింది. వాళ్ళకు మన కాయ కంటే ముందు ఇంకో నలుగురి కాయ ఉంటుంది. మధ్యాహ్నం వస్తానన్న బండి చీకటి పడ్డాక వస్తుంది, అప్పటికి మార్కెట్లో ధర పడిపోయి ఉంటుంది. అందుకే రిటైర్మెంట్ పైసల్లో కొంత తీసి ఒక పాత బండి కొన్నాను. పెట్రోలుది, నాలుగు సిలిండర్లది.

పికప్ అనడానికి చిన్నది, ఆటో అనడానికి పెద్దది. మా దిక్కు బండ్ల పేర్లకూ కంపెనీలకూ సంబంధం ఉండదు. మధ్యరకం లారీ ఏదైనా ‘డీసీఎం’. 1980ల్లో జపాను టయోటాతో పొత్తు పెట్టుకుని ఆ కంపెనీ చేసిన బండ్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది, పేరు మాత్రం ఇప్పటికీ మా రోడ్ల మీద వడ్లు మోస్తూనే ఉంది. 2005లో టాటా ఏస్ వచ్చింది, అప్పటి నుంచి చిన్న బండి ఏదైనా ‘ఏస్’. నాది ఆ బండి కాదు. అయినా ఊరికి అది సారు ఏస్.

కొన్న వారంలోనే మంగళవారం చూసి కొండగట్టు తీసుకుపోయి పూజ చేయించాను. మా మండలంలో బండి కొన్నవాడు అంజన్న ముందు నిమ్మకాయలు తొక్కించకుండా స్టీరింగు పట్టుకోడు. 2023 జనవరి 24న పవన్ కల్యాణ్ తన ప్రచార బండి వారాహికి పూజ చేయించింది కూడా అక్కడే. పూజ అయ్యాక గుడి దగ్గరే రెండు అంజన్న స్టిక్కర్లు కొన్నాను. ఒకటి అద్దానికి అంటించాను. రెండోదాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ ఫిబ్రవరి 28న, జాతీయ సైన్సు దినోత్సవం నాడు, ఒక బడిలో మాట్లాడమని పిలిచారు. రామన్ తన ఫలితాన్ని 1928లో ప్రకటించిన రోజు అది. రిటైరైన మాస్టరును ఎవరైనా మాట్లాడమని పిలవడమంటే ఆకలిగొన్నవాణ్ణి బంతికి పిలవడమే. ఉత్త చేతులతో పోతే ఏం బాగుంటుందని బండినే బడి ఆవరణలోకి తోలాను. పదో తరగతి పిల్లలను చుట్టూ నిలబెట్టి, సీటు ఎత్తి, చేతికందిన కాయిల్ ఒకటి పీకి, దాని నుంచి కరెంటు అందుకునే కింది ప్లగ్గు విప్పి అందరి చేతుల్లోనూ తిప్పించాను. ఈ కొసకూ ఈ కొమ్ముకూ మధ్య మిల్లీమీటరు సందు, వేల వోల్టులు దాన్ని దూకితే నిప్పు రవ్వ, ఆ రవ్వతోనే బండి నడక అని నలభై నిమిషాలు చెప్పాను. చప్పట్లు కొట్టారు. ప్లగ్గు, కాయిల్ మళ్ళీ బిగించి ఇంటికొచ్చాను. బండి మంచిగానే నడిచింది.

ఏప్రిల్‌లో మొదటి కోత. ముప్పై ట్రేలు ఎత్తుకుని పూడూరు దగ్గర హైవే ఎక్కి కొండగట్టు దిక్కు పోతున్నాం. స్టీరింగు మీద నేనే, పక్కన మా అక్క కొడుకు. చడావు రాగానే బండి ఒక్కసారి వెనక నుంచి ఎవరో అంగీ పట్టి గుంజినట్టు ఆగి, మళ్ళీ ఊపందుకుంది. మళ్ళీ గుంజింది. డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది.

మా మేనల్లుడు తల పక్కకు వంచి విన్నాడు. వాడు ఎనిమిదేళ్ళు కువైట్‌లో పికప్ నడిపి వచ్చినవాడు. అక్కడివాళ్ళు దాన్ని వానెట్ అంటారట, వాడికీ అదే నోట్లో పడింది.

“మామా, మిస్సింగ్ కొడ్తంది. నాలుగిట్ల ఒకటి పండుకుంటంది” అన్నాడు. “జగిత్యాలల స్కానర్ పెట్టిద్దాం. ఐదొందలు తీసుకుంటరు, ఏ సిలిండరో అదే చెప్తది.”

“ఐదొందలెందుకురా దండుగ. ఫోర్ స్ట్రోక్ ఇంజను నేను పిల్లలకు చెప్పిన పాఠం” అన్నాను.

వాడు కిటికీ దిక్కు తిరిగి కూర్చున్నాడు.

పాఠం చెప్పిన మాట నిజమే. పీల్చుకోవడం, నొక్కడం, పేలడం, వదలడం. నాలుగు పనులకు ఇరుసు రెండు చుట్లు తిరుగుతుంది. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కో సిలిండరు సెకనుకు ఇరవై ఐదు సార్లు పేలాలి, నాలుగూ కలిపితే వంద. అందులో ఏ పేలుడు తప్పినా ఇరుసుకు ఆ తోపు అందదు, కాబట్టి రవ్వంత మందగిస్తుంది. ఇరుసు దగ్గరున్న సెన్సారు ఆ మందగింపును పసిగడితే, ఏ సిలిండరు వంతులో తప్పిందో బండి కంప్యూటరు లెక్కగట్టి రాసుకుంటుంది. వైద్యుడు మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి నాడి చూసినట్టే. పుస్తకాల్లో దీన్ని మిస్‌ఫైర్ అంటారు, షెడ్లలో మిస్సింగ్. పెట్రోలు, గాలి, నొక్కుడు, సమయానికి రవ్వ: ఈ నాలుగింట్లో ఏదో ఒకటి అందలేదన్నమాట. డీజిలు బండి అయితే రవ్వ గొడవ ఉండదు, నొక్కుడు వేడికే అంటుకుంటుంది.

ఇదంతా నాకు తెలుసు. మా బాపుకు ఇందులో ఒక్క ముక్క తెలియదు. కానీ బావి దగ్గర ఆయిలింజను నడుస్తుంటే ఆయన రెండు మడ్ల అవతల కలుపు తీస్తూ తల ఎత్తి “నాజిల్ పట్టుకుంటంది” అనేవాడు. పోయి చూస్తే నాజిల్ నిజంగానే మూసుకుపోతూ ఉండేది. నా చదువు నోటికొచ్చింది గాని చెవి దాకా పోలేదు.

మొదట నా అనుమానం బంకు మీద పడింది. ఆ రోజుల్లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఒకటే మాట: ఇథనాల్ కలిపిన పెట్రోలు బండ్లను ఆగం చేస్తోంది. నేను ఉత్తగా అనేవాణ్ణి కాదు గదా, నిరూపించాలి. ఇంట్లో పాత కొలజాడీ ఒకటి ఉంది. రిటైరైన రోజు పిల్లలు గుర్తుగా ఇచ్చింది. 80 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, 20 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి, కుదిపి, పెరట్లో జామచెట్టు కింద నిలబెట్టాను. ఇథనాల్‌కు పెట్రోలు కంటే నీళ్ళతోనే చుట్టరికం ఎక్కువ, అది దిగి నీళ్ళలో కలుస్తుంది. పది నిమిషాలకు కింది పొర 20 నుంచి దాదాపు 36కు పెరిగింది. పదహారు! ఎనభైలో పదహారంటే సరిగ్గా ఇరవై శాతం. ఆ జాడీని గుడ్డలో చుట్టుకుని బంకుకు పోయి, నలుగురిలో ఆ మేనేజరును నిలదీశాను.

ఆయన నా జాడీ చూశాడు, నన్ను చూశాడు, చెయ్యెత్తి పంపు మీద రాత చూపించాడు. ‘ఈ20’. ఇరవై శాతం ఇథనాల్ అని వాళ్ళే రాసి పెట్టిన పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉందని ప్రయోగం చేసి మరీ కనిపెట్టినవాణ్ణి నేను. నా బండి ఆ పెట్రోలుకు సరిపడేదా కాదా అని దాని పుస్తకం తెరిచి చూడడం మాత్రం తోచలేదు. ఇంటికొచ్చాక చూశాను. సరిపడేదే.

ఇగ ప్లగ్గులు. జగిత్యాల రోడ్డు మీద ఒక షెడ్డులో నాలుగూ మార్పించాను, 720 రూపాయలు. రెండు రోజులు బండి గుర్రంలా ఉరికింది. “చూసినవారా” అని మేనల్లుడి ముందు మీసం తిప్పినంత పని చేశాను. మూడో రోజు తోట బాటలో గతుకులు దాటి హైవే ఎక్కేసరికి మళ్ళీ అంగీ పట్టి గుంజుడు.

ప్లగ్గు కాకపోతే కాయిల్. ఆ తర్కంలో తప్పు లేదు. కానీ తర్కమే ఉన్నవాడైతే మొదటి సిలిండరు కాయిల్ తీసి మూడోదానికి, మూడోది తీసి మొదటిదానికి పెట్టి చూస్తాడు. మిస్సింగ్ కాయిల్ వెంబడి పోతే దోషం కాయిల్‌ది, సిలిండరు దగ్గరే ఉండిపోతే కాయిల్‌ది కాదు. పైసా ఖర్చు లేని పరీక్ష. ఎనిమిదో తరగతి పిల్లలకు ‘ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలిరా’ అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిన నేను, నాలుగు కొత్త కాయిల్స్ ఒకేసారి కొన్నాను. 9,200 రూపాయలు.

బిగించింది ఆ షెడ్డులోనే పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళ పిల్లవాడు. మూడు కాయిల్స్ మార్చి ఆఖరిదాని దగ్గర ఆగాడు.

“సారూ, దీని కప్లర్‌కు లాక్ లేదు. వదులుగున్నది.”

నేను ఫోనులో చల్‌గల్ ధర కనుక్కుంటున్నాను. “ఉన్నదాంట్ల పెట్టు తమ్మీ, తొందరగా కానియ్యి” అన్నాను.

వాడు గట్టిగా నొక్కి పెట్టాడు. నాలుగు రోజులు మంచిగా నడిచింది.

ఇక్కడొక చిక్కు ఉంది, ఇది నాకు చాలా తర్వాత అర్థమైంది. అప్పటిదాకా నేను కొన్న ప్రతి సామానూ కొన్ని రోజులు ‘పని చేసింది’. ప్లగ్గు పని చేసింది, కాయిల్ పని చేసింది. నిజానికి పని చేసింది సామాను కాదు. వాటిని మార్చడానికి, కాయిల్‌కు వైరును కలిపే ఆ కప్లర్ ఊడదీసి మళ్ళీ నొక్కి పెట్టడమే మందు. నొక్కినప్పుడల్లా అది లోపల అంటుకునేది, గతుకుల్లో మెల్లగా జారేది. జ్వరానికి మాత్ర మింగడానికి తాగిన వేడినీళ్ళు పని చేస్తుంటే, మాత్రల మీద మాత్రలు కొన్నట్టయింది నా పని.

తర్వాత పెట్రోలు పంపు మార్పించాను, 5,800. అది ట్యాంకు దగ్గరి పని కదా, సీటు ఎత్తే పని లేదు. అందుకే ఒక్క పూటైనా మార్పు లేదు. మొత్తం లెక్క చూస్తే, కూలీలతో కలిపి 17,220 రూపాయలు. ఐదు వందలు దండుగన్న మనిషి లెక్క ఇది.

పసుపు దీపం ఆరదు. మామూలుగా వెలుగుతుంటే తొందరగా చూపించుకుంటే చాలు, అది మిటుకుమిటుకుమన్నప్పుడే ఆగి ఇంజను ఆపాలి. కాలని పెట్రోలు సైలెన్సరు దారిలో పొగను శుద్ధి చేసే జల్లెడను చేరి అక్కడ మండుతోందని ఆ మిటుకు అర్థం. ఆ వేడికి లోపలి పింగాణీ కరిగిపోవచ్చు. బండి పుస్తకంలో ఈ మాట ఉంది. చదవలేదు. ఎక్కినవాడల్లా “సారూ, ఆ లైటేంది” అని అడుగుతుంటే తల కొట్టేసినట్టయ్యేది. కొండగట్టులో కొన్న రెండో స్టిక్కరు తీసి ఆ దీపం మీద అంటించాను. అంజన్న నన్ను చూసి నవ్వాడో ఏడ్చాడో, మిటుకుమన్నప్పుడల్లా ఆయన వెనక పసుపు వెలుగు మెరిసేది. మా ఆవిడ ఒకరోజు దాన్ని చూసి చెయ్యెత్తి మొక్కింది.

ఆపైన వాసన. వెనక నుంచి మురిగిన కోడిగుడ్డు వాసన. అది ఏమిటో నాకు తెలియనిదా? కిప్ పరికరంలో ఇనుప సల్ఫైడ్ మీద ఆమ్లం పోసి ఎన్ని బ్యాచులకు ఆ వాయువు చూపించాను! “హైడ్రోజన్ సల్ఫైడ్” అని మేనల్లుడికి ఫార్ములాతో సహా చెప్పాను. పెట్రోలులో ఉండే కొద్దిపాటి గంధకం నుంచి వస్తుందని కూడా చెప్పాను. ఎందుకు వస్తోంది, ఇదివరకు ఎందుకు రాలేదు అన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు. పేరు చెప్పగలిగితే చాలు, సగం పని అయిపోయినట్టే ఉంటుంది మాస్టర్లకు.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి చెయ్యి రావడం లేదు.

లీటరుకు పదిహేను ఇచ్చే బండి పదికి పడింది. దీనికీ కారణం సీటు కిందే ఉంది. ఒక సిలిండరు పేలకపోతే అందులోని ఆక్సిజన్ ఖర్చు కాకుండా అట్లనే బయటికి పోతుంది. సైలెన్సరు దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సారు దాన్ని చూసి, గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైందని మోసపోతుంది. కంప్యూటరు ఇంకా పెట్రోలు పోయిస్తుంది. మంచిగున్న మూడు సిలిండర్లూ అక్కరలేని పెట్రోలు తాగుతాయి, వాసన కూడా అందుకే. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసింది ఒక్కటే: వారంలో మూడు రోజులు తాళం మేనల్లుడి దగ్గర ఉంటుంది.

ట్యాంకు నింపి, కిలోమీటర్లు చీటీ మీద రాసుకోవడం మొదలుపెట్టాను. ఒకరోజు వాడు బండి పెట్టి పోయాక ట్యాంకు మూత దగ్గర గీతలున్నాయేమోనని వంగి చూస్తున్నాను. తలెత్తితే వాడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఫోను మర్చిపోయి తిరిగొచ్చాడట.

“మామా, పైసలు కావాల్నంటే నిన్ను అడుగుత. పెట్రోలు గుంజుకునే గతి నాకు పట్టలే” అన్నాడు.

నేను “గది కాదురా” అన్నాను. ఏది కాదో చెప్పలేదు. మర్నాటి నుంచి వాడు రాలేదు. అక్క ఫోను చేసి ఏమీ అడగలేదు, కాయ దిగుబడి ఎట్లుందని మాత్రం అడిగింది. అది ఇంకా కష్టమైంది.

మే నెలలో ఒక పొద్దున కోతకు కూలీలను బండి వెనక ఎక్కించుకుని పోతున్నాను. ఎనిమిది మంది, అందులో ఐదుగురు ఆడవాళ్ళు. మనుషులను అట్లా ఎక్కించుకోవడమే తప్పు, అందరం చేస్తాం. హైవే మీద ఒక ట్రాక్టరును దాటబోయి సగంలో ఉండగా ఇంజను చేతులెత్తేసింది. ఎదురుగా ఇసుక లారీ. ఎంత తొక్కినా బండి ముందుకు పోదు, వెనక్కి తగ్గడానికి చోటు లేదు. ట్రాక్టరువాడు రోడ్డు దిగాడు కాబట్టి బతికాం. వెనక నుంచి ఒక్క అరుపు వినిపించింది, తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

ఆ ఆడవాళ్ళలో ఒకామె 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో ఆర్టీసీ బస్సు పడిపోయినప్పుడు తన ఇంటి మనిషిని పోగొట్టుకున్నామె. ఆ రోజు అరవై మందికి పైగా పోయారు, ఎక్కువమంది మా మండలం ఊళ్ళవాళ్ళే. మా ఊళ్ళల్లో ఆ తారీఖు చెబితే చాలు, ఇంకేమీ చెప్పక్కరలేదు. ఆమె దిగి తోటలోకి పోయింది, సాయంత్రం దాకా కాయ కోసింది, ఇంటికి మాత్రం నడిచి పోయింది. నేను ఎక్కమని పిలవలేకపోయాను.

ఆ రాత్రి సిరిసిల్లలో ఉండే మా బావమరిదికి ఫోను చేశాను. “మా దగ్గర ఒకాయన ఉన్నడు బావా, మాట తక్కువ పని ఎక్కువ” అన్నాడు. మర్నాడు ఖాళీ బండితో, నలభై దాటనీయకుండా వేములవాడ మీదుగా పోయాను.

ఆ మిస్త్రీ ఒకప్పుడు సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసినవాడు. నేతపనికి గిరాకీ తగ్గిన రోజుల్లో మోటార్ల నుంచి బండ్ల మీదికి వచ్చాడట. నేను పోగానే ప్లగ్గులు మార్చాను, కాయిల్స్ మార్చాను, పంపు మార్చాను అని జాబితా చదవబోయాను. చెయ్యి అడ్డం పెట్టి, “మార్చినయి కాదు సారూ, పరీక్ష చేసినయి చెప్పుండ్రి” అన్నాడు.

నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

స్కానర్ పెట్టాడు. ‘పీ0303’ వచ్చింది. చివరి మూడు అంటే మూడో సిలిండరు. అదే ‘పీ0300’ అయితే ఎక్కడపడితే అక్కడ తప్పుతోందని అర్థం, అప్పుడు వెతుకులాట పెద్దది. ఇది ఒక్క ఇంటికే పరిమితమైన గొడవ. మూడో కాయిల్ ఒకటోదాంట్లో పెట్టి, కోడ్ తుడిచేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరవతలి దాకా తోలాడు. మళ్ళీ మూడే వచ్చింది. ప్లగ్గు అటుదిటు చేశాడు, మూడే. ప్లగ్గు తీసిన బొక్కలో గేజీ పెట్టి నొక్కుడు చూశాడు, నాలుగూ ఒక్క తీరుగానే ఉన్నాయి. అంటే వాల్వులు, రింగులు బాగున్నాయి. అప్పుడు ఇంజను స్టార్టు చేసి, స్క్రూడ్రైవరు కట్టె పిడితో వైర్ల కట్టను ఒక్కో చోట మెల్లగా కదిలించసాగాడు.

“సాంచ ఆగితే మోటరు ఇప్పరు సారూ. ముందుగాల పోగు తెగిందా అని చూస్తరు” అన్నాడు, నాకు చెప్పినట్టు కాదు, ఏదో గుర్తొచ్చి అన్నట్టు.

పిడి మూడో కాయిల్ మీది కప్లర్‌కు తగిలింది. ఇంజను గుక్క తిప్పుకోలేక దగ్గినట్టయింది. మళ్ళీ తగిలించాడు, మళ్ళీ దగ్గింది. రెండు వేళ్ళతో పట్టుకుంటే కప్లర్ ఇట్టే ఊడి చేతికొచ్చింది. మిగతా మూడింటికి గోటంత ప్లాస్టిక్ నాలుక ఉంది, దాన్ని నొక్కితే గాని ఊడవు. దీనికి ఆ నాలుక సగానికి విరిగి ఉంది. లోపలి పిన్ను కూడా వదులైపోయి, ఇప్పుడు నొక్కి పెట్టినా నిలవడం లేదు.

“ఈ లాక్ ఎవలు ఇరగ్గొట్టిండ్రు సారూ?”

అప్పుడు వినిపించింది. మూడు నెలల కింద బడి ఆవరణలో, పదో తరగతి పిల్లల ముందు, వేడికి పెళుసెక్కిన ప్లాస్టిక్‌ను నొక్కకుండా లాగినప్పుడు వచ్చిన ‘టక్’ శబ్దం. ముందు వరుసలో రెండు జడల పిల్ల, “సార్, ఏదో ఇరిగింది” అంది. “ఇరగలేదమ్మా, అది లాక్ తెరుచుకున్న చప్పుడు” అని చెప్పి, ఆ పిల్లను చూసి అందరూ నవ్వేటట్టు చేశాను.

ఇంతా గుర్తొచ్చాక మిస్త్రీతో ఏమన్నానో చెబితేనే ఇది రాసినందుకు అర్థం. “కాయిల్స్ మార్చిన పిల్లగాడు ఇరగ్గొట్టి ఉంటడు” అన్నాను. నోరు తిరిగినంత సులువుగా అన్నాను. ఆయన “పని రానోళ్ళతోని గిదే తిప్పలు” అని, కొత్త కప్లర్ ముక్క వైరుకు అతికి, పిన్ను బిగువు చూసి, సీటు దించాడు. స్కానర్‌కు ఐదు వందలు, కప్లర్‌కు 150, పనికి 350. వెయ్యి రూపాయలు.

అంతటితో ఆగినా బాగుండేది. కొడిమ్యాల వచ్చి టీ కొట్టు దగ్గర ఈ కథ రోజూ చెప్పాను, నవ్వించేటట్టు చెప్పాను. అందులో దొంగ ఆ షెడ్డు పిల్లవాడు, పట్టుకున్నది సిరిసిల్ల మిస్త్రీ, తెలివిగా అంత దూరం తీసుకుపోయింది నేను. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించసాగింది. ఆగస్టులో మా ఆవిడ అన్నం పెడుతూ, “గా షెడ్డుకు ఎవ్వలు పోతలేరట. సారే చెప్పిండు, ఆ పోరగాడు బండ్లు కరాబు చేస్తడని అంటున్నరు” అంది. ముద్ద గొంతులో ఆగింది.

మర్నాడు పోయాను. పిల్లవాడు ఒక ఆటో కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడాను. లాక్ విరగ్గొట్టింది నేనే తమ్మీ, సైన్సు డే నాడు, పిల్లల ముందర అని చెప్పాను. కాసేపు చప్పుడు లేదు.

“నేను ఆనాడే చెప్పిన గద సారూ, లాక్ లేదని” అన్నాడు కింద నుంచి. “ఆ పన్నెండు నంబరు పానా జర ఇటియ్యిరి.”

నేను పద్నాలుగు ఇచ్చాను. మళ్ళీ అడిగి తీసుకున్నాడు. ఆ వారమంతా టీ కొట్టు దగ్గర కథను మొదటి నుంచి తిరగరాసి చెప్పాను. కానీ మొదటిసారి నవ్వినంతగా ఈసారి ఎవరూ నవ్వలేదు. పోయిన గిరాకీ అంతా తిరిగొచ్చిందో లేదో మొహమాటపడి అడగలేదు.

మేనల్లుడు వీసా వచ్చి మళ్ళీ కువైట్ పోయాడు. విమానం ఎక్కేముందు ఇంటికి రాలేదు. పండుగ నాడు వాడే ఫోను చేశాడు.

“బండి ఎట్లున్నది మామా?”

“మంచిగున్నదిరా. పదిహేను ఇస్తంది.”

“ఏ సిలిండరు?”

“మూడోది.”

“స్కానర్ పెట్టిచ్చినవా?”

“పెట్టిచ్చిన.”

అవతల వాడు నవ్వాడు, మస్తుగా నవ్వాడు. పెట్రోలు సంగతి ఎత్తుదామని నోరు తెరిచేసరికి డ్యూటీ టైమయిందన్నాడు. అందుకే ఈ కాగితం ఫోటో తీసి వాడికి పంపుతున్నాను. ఒరే, నువ్వు ఒక్క చుక్క తియ్యలేదు. తాగింది ఇంజను. దాని మీద కూర్చున్నది నేను.

దీపం మీది స్టిక్కరు తీసేశాను. జిగురు మరక పోలేదు.

పోతే, మా అటక మీద పాత కాయిల్స్ నాలుగున్నాయి, ఏ లోపమూ లేనివి. పెట్రోలు పంపు ఒకటి, అదీ మంచిదే. నాలుగు సిలిండర్ల పెట్రోలు చిన్న బండి ఎవరికైనా ఉండి, పరీక్ష చేయించి, నిజంగా అదే పోయిందని తేలితే రండి. కొడిమ్యాలలో సైన్సు సారు ఇల్లంటే చూపిస్తారు. సగం ధరకే ఇస్తాను.